విద్యార్థి గృహయజమానత్వము

పూర్వము పేద విద్యార్థి పట్టణమునకు వచ్చి వారములు చేసికొని చదువుకొనెడివాడు. పిదప దాతల పూనికతో హాస్టళ్లు వెలసినవి. హైదరాబాదునందలి రెడ్డి హాస్టలు 1918లో నేర్పడినదే. నేడు మధ్యతరగతి గృహస్థులలో నొక క్రొత్తమాట వినవచ్చుచున్నది: “నాలుగేండ్లు పరులకు అద్దె పోయుట యేల? చదువుకొను ఊరిలోనే ఫ్లాటు కొని, బిడ్డ యొక గదిలో నుండి, తక్కిన గదులు తోడివారికి అద్దెకిచ్చిన, ఆ అద్దెయే అప్పు తీర్చును గదా!” మాట వినసొంపుగానే యున్నది. పొలమమ్మి ఫ్లాటు కొనదలచిన తండ్రి మాత్రము ముందుగా లెక్క చూడవలయును.

హైదరాబాదులో 60 లక్షల ఫ్లాటు ననుకొందము. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము ఇట్టి యింటికి విలువలో నూటికి 80 వంతులకు మించి ఋణ మీయరాదు. కావున బ్యాంకు 48 లక్షలిచ్చును. 12 లక్షలు మన చేతినుండి పడవలయును. తెలంగాణమున స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను సుంకములు సాధారణముగా నూటికి ఏడున్నర. అనగా మరి నాలుగున్నర లక్షలు. నూటికి ఎనిమిదిన్నర వడ్డీ, 20 ఏండ్ల గడువు అనుకొన్న, నెలవాయిదా సుమారు 41,650 రూపాయలు. మొదటి నెలలో 34,000 వడ్డీకే పోవును. నాలుగేండ్లలో కట్టునది దాదాపు 20 లక్షలు. అందు అసలుకు చెల్లునది 4 లక్షల 36 వేలు మాత్రమే!

ఇక రాబడి. రెండు గదులు ఎనిమిదేసి వేలకిచ్చి, మన బిడ్డకు మిగిలిన అద్దెను గూడ ఎనిమిది వేలుగా గణించినను, నెలకు 24,000. ఒక్క నెలయు ఖాళీ పడకున్నను నాలుగేండ్లకు 11 లక్షల 52 వేలు. అది వడ్డీకైనను చాలదు. పరీక్షలు ముగిసిన మర్నాడు మిత్రుడు పెట్టె సర్దుకొని పోవును. వాయిదా మాత్రము పోదు. ఆస్తిపన్ను, మరమ్మతులు, అపార్టుమెంటు ఖర్చులు వేరుగా నున్నవి.

కావున నిది అద్దెపై నిలుచు బేరము కాదు, ధర పెరుగునను ఆశపై నిలుచు బేరము. ఆ ఆశ తప్పని మేమనము. అద్దె రాకున్నను వాయిదా కట్టగలవాడు నిశ్చింతగా కొనవచ్చును. అద్దెనే నమ్మి అప్పు చేయువాడు బిడ్డ చదువును తాకట్టు పెట్టినవాడగును.

చట్టమును గూడ మరువరాదు. ఇంటరు ముగించిన బాలునకు తరచుగా 18 ఏండ్లు నిండియుండవు. మైనరు చేయు ఒడంబడిక చెల్లదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 107వ సెక్షను ప్రకారము ఏడాదికి మించిన గడువునకు అద్దెకిచ్చిన, పత్రము రిజిస్టరు కావలయును. పదునొకండు నెలల పత్రములు వాడుకలోనికి వచ్చుటకు కారణ మిదియే. అడ్వాన్సెంత, ఎప్పుడు తిరిగి యిచ్చుట, కరెంటు బిల్లులో నెవరి వంతెంత, ఇవి ముందే వ్రాసికొన్న స్నేహము చెడదు.

మరియొక మాట. అద్దె గదికై తిరుగు బాలుని మొదట కులమడుగు దురాచారము మన పట్టణములలో నింకను చావలేదు. ఆ ప్రశ్న చేత గుమ్మమునుండి మరలినవారు విద్యార్థులలోనే యెందరో కలరు. విద్యార్థియే యజమానియైన యింటనైనను ఆ ప్రశ్న వినబడరాదు. తరగతిలో ప్రక్కన గూర్చున్నవానిని గడప వెలుపల నిలుపు చదువు చదువే కాదు.

కొనదలచిన తండ్రులకు మా మనవి యిది: ఏటికి రెండు నెలలు గదులు ఖాళీగా నుండుననుకొని లెక్క కట్టుడు. అప్పటికిని వాయిదా భారము కాకున్న కొనుడు. భారమగునేని బిడ్డను హాస్టలున జేర్చి, పొలమును నిలుపుకొనుడు.