అడిగిన కానుక, విడిచిన కానుక

పరుల చేతిలో ఉన్నందువల్లనే ఒక వస్తువు మనకు కామ్యమైతే, అది లోభానికి సూక్ష్మరూపం. జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1954–55లో వెలువరించిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అనే అద్భుత గాథ ఇందుకు చక్కని దృష్టాంతం.

నదీగర్భంలో డీగోల్‌కు స్వర్ణాంగుళీయకం లభిస్తుంది. మిత్రుడైన స్మీగోల్ దానిని చూచి, నేడు తన జన్మదినం గనుక కానుకగా ఇమ్మంటాడు. అతడు నిరాకరించగా, కంఠం నులిమి హతమారుస్తాడు. అటుపై దానిని జన్మదిన కానుక అనే చెప్పుకుంటాడు. అపహరణకు దానమని నామకరణం!

ఆ గాథలోని హాబిట్ల ఆచారం ఇందుకు విపరీతం: జన్మదినాన పుట్టినవాడే ఇతరులకు కానుకలివ్వాలి. బిల్బో తన 111వ జన్మదినాన కానుకలు పంచి, చివరకు అదే ఉంగరాన్నీ త్యజిస్తాడు. సులభంగా కాదు, గాండాల్ఫ్ గట్టిగా మందలించేవరకు ‘ఇది నాది’ అని వాదిస్తాడు. ఉంగరంలో మాయ ఉన్నమాట నిజమే. ఆ మాయ ఇద్దరికీ సమానమే. భేదం త్యాగాభ్యాసంలోనే ఉన్నది.

ఈశావాస్యోపనిషత్తు తన ప్రథమ మంత్రంలోనే త్యాగాన్ని, పరధనంపై నిరాశను కలిపి విధించినది అందుకే. పొరుగువాని ఐశ్వర్యాన్ని చూచి, అదే వరాన్ని భగవంతుని యాచించే మన ప్రార్థన భక్తియా, లేక స్మీగోల్ అడిగిన కానుకయా? సాధకుడు తననుతాను ప్రశ్నించుకోవాలి.