మా చనిపోయినవాళ్లను మాకు అప్పగించండి

2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లోని అబూజ్‌మడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. ఆయనది టెక్కలికి దగ్గర్లోని కోటబొమ్మాళి మండలం జియ్యన్నపేట. శవం ఇప్పించమని కుటుంబం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. బంధువులు నారాయణపూర్ దాకా వెళ్లారు. మే 26న అక్కడి పోలీసులే దహనం చేసేశారు. ఊరికి శవం రాలేదు.

ఆయన రాజకీయం ఒప్పా తప్పా అన్న చర్చలోకి మేము ఇక్కడ పోవడం లేదు. ఒప్పుకునేవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ మాలోనే ఉన్నారు. మేము అడిగేది ఒక్కటే. బతికి ఉన్న మనిషిని నేరస్తుడని వెతికే హక్కు ప్రభుత్వానికి ఉందనుకుందాం. చనిపోయాక ఆ మనిషి మీద ఇంకేం హక్కు మిగులుతుంది? శవానికి శిక్ష వేయలేరు. శవం ఇవ్వకపోతే ఆ శిక్ష పడేది తల్లికి.

"చచ్చాక శవంతో పనేమిటి" అంటారు కొందరు. మా కొండల్లో ఆ మాట చెల్లదు. సవరల సంప్రదాయంలో మనిషి పోతే కాల్చడంతోనే పని అయిపోదు. తర్వాత గువార్ చేస్తారు. దున్నపోతును బలి ఇచ్చి, వంశం రాళ్ల పక్కన ఆ మనిషి పేరున రాయి నిలబెడతారు. అప్పుడే ఆ మనిషి పెద్దల్లో కలుస్తాడు. గువార్ జరగనివాడికి నిలకడ ఉండదని, బతికున్నవాళ్ల చుట్టూ తిరుగుతాడని పెద్దల నమ్మకం. ఇప్పుడు చర్చికి వెళ్లే ఇళ్లలో రాయికి బదులు శిలువ నిలబెడుతున్నారు. నమ్మకం మారింది గానీ, పోయినవాళ్లకు ఒక చోటు ఉండాలన్న కోరిక మారలేదు.

పల్లంలోనూ ఇంతే. ఉద్దానం తీరంలో వేటకెళ్లిన మనిషి తిరిగి రాకపోతే తోటి పడవలు వెతకడానికి పోతాయి. దొరక్కపోతే ఇంటామె బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తేలదు. ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే గానీ చట్టం ఆ మనిషిని చనిపోయినట్టు భావించదు. మరణ ధ్రువపత్రానికి, వితంతు పింఛనుకు, భూమి పేరు మార్పుకు ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాలి. శవం దొరికితే ఏడవడానికి వీలవుతుంది, బతకడానికి కాగితమూ దొరుకుతుంది.

ఇదంతా ప్రభుత్వానికి తెలియదా? తెలుసు. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ వైమానిక దళానికి చెందిన ఏఎన్-32 విమానం 29 మందితో సముద్రం మీద మాయమైంది. వాళ్లలో 8 మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. దాని శకలాలు 3,400 మీటర్ల లోతున కనిపించాయని 2024 జనవరిలో ప్రకటించారు. మంచి పని. ఏడేళ్ల తర్వాతైనా ఆ ఇళ్లకు ఒక జవాబు దొరికింది. సముద్రం అడుక్కి యంత్రాన్ని పంపగలిగినవాళ్లకు, చేతిలో ఉన్న శవాన్ని రోడ్డు మీద ఇంటికి పంపడం ఎందుకు చేతకాలేదు?

"శవం ఇస్తే ఊరేగిస్తారు, స్థూపం కడతారు" అనేది ఇంకో వాదన. పలాస దగ్గర బొడ్డపాడును చూడండి. ఆ ఊరి పంచాది కృష్ణమూర్తిని 1969 మే 27న జలంత్రకోట దగ్గర కాల్చి చంపారు. యాభై ఏళ్లు దాటినా ఊరు ఆయన్ని మరిచిపోలేదు. శవాన్ని దాచినంత మాత్రాన జ్ఞాపకం చావదు. దానికి పగ తోడవుతుంది, అంతే. భారత యుద్ధం ముగిశాక ధర్మరాజు రెండు పక్షాల వాళ్లకూ, దిక్కులేని శవాలకూ దహనం చేయించాడని ఆ కథను పూజించేవాళ్లే చెబుతారు. దేశాల మధ్య యుద్ధంలో శత్రు సైనికుడినైనా గౌరవంగా పూడ్చి, సమాధికి గుర్తు పెట్టాలని 1949 నాటి జెనీవా ఒప్పందం అంటుంది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే దగ్గరి బంధువులకు వీలైనంత త్వరగా తెలపాలని 2014లో మన సుప్రీంకోర్టే చెప్పింది. తెలపడం ఎందుకు? వచ్చి తీసుకెళ్లడానికి కాదా?

ఇదే ప్రశ్న అడవిలో తుపాకీ పట్టినవాళ్లనూ అడుగుతాం. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి చంపిన ఆదివాసీకీ తల్లి ఉంది. మందుపాతరకు బలైన కానిస్టేబుల్‌కూ తల్లి ఉంది. ఏ పక్షమో చూసి ఇచ్చేదాన్ని హక్కు అనరు, దయ అంటారు. మాకు దయ వద్దు.

మన తప్పు కూడా ఒకటుంది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర చంపబడిన కోరన్న, మంగన్నల పేర్లు మనకు తెలుసు. 1970 జూలై 10న చనిపోయిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రెండు తేదీల మధ్య కొండల్లో పోయిన సవరల, జాతాపుల పేర్లు ఎన్ని చెప్పగలం? అవి ముసలివాళ్ల నోట్లోనే ఉన్నాయి. వాళ్లతో పాటే పోతాయి.

అందుకే టీచర్లకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఇది. ఊరికొక నోటుబుక్కు పెట్టండి. పేరు, ఊరు, ఏ సంవత్సరం, ఎవరు తీసుకెళ్లారు, చివరిసారి ఎవరు చూశారు, అన్నీ రాయండి. దూరం పనికి వెళ్లి కబురు లేనివాళ్లనూ రాయండి. శవం ఇచ్చేదాకా అడుగుదాం. ఇవ్వకపోయినా ఆ పేరున రాయి నిలబెడదాం.