కొళాయి వచ్చింది సరే, మరమ్మతు మాటేమిటి?

ఒకప్పుడు ఎర్రగుంట్ల చుట్టుపట్ల పల్లెల్లో నీళ్ళంటే బావి, చేద, కడవ. ఆ తర్వాత వీధి చివర చేతిపంపు వచ్చింది. ఇప్పుడు చాలా ఇళ్ళ వాకిట్లోకే కొళాయి వచ్చింది. గ్రామాల్లో ఇంటింటికీ కొళాయి వేసి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందించాలన్నది 2019 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లక్ష్యం. సంతోషించదగిన విషయమే. అయితే గొట్టం వచ్చినంత త్వరగా ఆ గొట్టాన్ని చూసుకునే తెలివిడి ఊళ్ళకు రాలేదు. చేద తాడు తెగితే ఇల్లాలే ముడి వేసుకునేది. కొళాయి కారితే మాత్రం గుడ్డ పేలిక చుట్టి, కింద బకెట్టు పెట్టి, ప్రొద్దుటూరు నుంచి ప్లంబరు వచ్చేదాకా ఎదురు చూడటం రివాజయింది.

ఇది చిన్న విషయమని కొట్టివేయడానికి వీలులేదు. కారే కొళాయి కింద లీటరు చెంబు పెట్టి చూస్తే సంగతి బోధపడుతుంది. గంటకు చెంబు నిండితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు. ఒక మనిషికి లెక్కగట్టిన నీటిలో దాదాపు సగం మురుగు కాలువ పాలవుతున్నదన్న మాట. ఊరు మొత్తం మీద పది ఇళ్ళలో ఇలా కారితే రోజుకు 240 లీటర్లు పోయినట్లే. అది నలుగురి వాటాకు పైమాటే. ఎగువ వీధిలో వృథా అయ్యే నీరు దిగువ వీధి వారి బిందెలోకి చేరవలసిన నీరని గుర్తించాలి.

సున్నపురాతి నేల, సున్నపు నీరు

ఎర్రగుంట్ల ప్రాంతానికి అన్నం పెడుతున్నది సున్నపురాయి. సిమెంటు కర్మాగారాలు నిలిచింది దానిమీదే. బండల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు నడుస్తున్నది దానిమీదే. కడప బండలు దేశమంతటా ఇళ్ళలో పరుచుకున్నాయి. కాని ఆ రాతి పొరల్లోనుంచి ఊరి వచ్చే బోరు నీరు సున్నాన్ని తనలో కలుపుకుని వస్తుంది. అదే కఠిన జలం. పప్పు త్వరగా ఉడకకపోవడం, సబ్బు నురుగు రాకపోవడం ఇల్లాళ్ళకు తెలిసిన సంగతే.

తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చుననీ, వేరే నీటి వసతి లేనిచోట 600 వరకు సహించవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఈ సున్నం గొట్టాలకూ, కొళాయిలకూ చేసే చేటు అంతా ఇంతా కాదు. జల్లెడ బిళ్ళల్లో తెల్లగా పేరుకుని ధార సన్నబడుతుంది. నీళ్ళు కాచే గీజరు కడ్డీకి పెంకులా పట్టి కరెంటు ఖర్చు పెంచుతుంది. వాల్వులు తిరగకుండా బిగుసుకుపోతాయి.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. ఇత్తడి బిందెలు తోమే చింతపండు పులుపే సున్నాన్నీ కరిగిస్తుంది. నెలకొకసారి కొళాయి మూతికి ఉండే జల్లెడను విప్పి, చింతపండు రసంలోనో నిమ్మరసంలోనో కొన్ని గంటలు నానవేసి, పాత బ్రష్షుతో రుద్దితే చాలు. ధార తగ్గగానే కొత్త కొళాయి కొనవలసిన పని లేదు.

ఒక్క చుట్టు ఎక్కువ బిగిస్తే

కొళాయి కారడం మొదలైతే సాధారణంగా జరిగేదేమిటి? ఇంకొంచెం బలంగా బిగిస్తారు. రెండు రోజులు ఆగుతుంది. మూడో రోజు మళ్ళీ కారుతుంది. మళ్ళీ బిగిస్తారు. చివరకు లోపలి గద్దె అరిగి కొళాయే పారవేయవలసి వస్తుంది. అసలు చెడింది రూపాయి బిళ్ళంత రబ్బరు వాషరు. దాన్ని మార్చడం ఎవరైనా నేర్చుకోదగిన పని. ముందు గేట్ వాల్వు కట్టివేయాలి. కొళాయి తిప్పి గొట్టంలో మిగిలిన నీరు వదిలేయాలి. పానాతో తలకాయ విప్పి, పాత వాషరు తీసి, అదే కొలత గల కొత్తది పెట్టి, గద్దె మీది సున్నం తుడిచి, తిరిగి బిగించాలి. పిడి దగ్గర నీరు ఊరుతుంటే తప్పు వాషరుది కాదు, పిడి చుట్టూ ఉండే ప్యాకింగుది. పావు చుట్టు తిప్పే కొత్త రకం కొళాయిల్లో వాషరుకు బదులు లోపలి గుళికనే మార్చాలి.

లోపం ఎక్కడుందో కనిపెట్టడం

ప్లంబరును పిలిచే ముందు లోపం ఏదో కొంత తెలుసుకుంటే కాలం, డబ్బు రెండూ కలిసి వస్తాయి. ఒక్క కొళాయిలోనే ధార తగ్గితే లోపం ఆ కొళాయిలోనే ఉన్నట్లు. ఇంట్లోని అన్నింటిలోనూ తగ్గితే ట్యాంకు దగ్గర గేట్ వాల్వు బిగుసుకుని ఉండవచ్చు, ట్యాంకు అడుగున మడ్డి పేరుకుని ఉండవచ్చు, లేదా గొట్టంలో గాలి పట్టి ఉండవచ్చు. ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండినప్పుడల్లా నీరు రాకుండా బుసబుస శబ్దం వస్తే అది గాలి తంటాయే. ట్యాంకు నుంచి దిగే గొట్టానికి పైకి గాలి పోయే చిన్న గొట్టం పెట్టిస్తే ఆ బాధ తప్పుతుంది.

కంటికి కనపడని కారుడును పట్టుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. రాత్రి పడుకోబోయే ముందు కొళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటి మట్టం వద్ద సుద్దతో గీత గీయాలి. ట్యాంకు నిండే గొట్టమూ కట్టి ఉండాలి. తెల్లవారి చూసేసరికి నీరు గీత కిందికి దిగితే ఎక్కడో కారుతున్నట్లే. ఈ ప్రాంతపు ఇళ్ళలో గొట్టాలు బండల కిందనుంచే పోతాయి. ఎండాకాలంలో కూడా బండల సందుల్లో తడి ఆరకపోయినా, గోడ అడుగున తెల్లటి ఉప్పు పూసినా అనుమానించవలసిందే. రాయి, మట్టి పెట్టి కట్టిన పాత గోడలైతే అడుగు నాని కుంగిపోయే ప్రమాదం ఉంది.

మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు కారుతున్నదీ లేనిదీ తెలియాలంటే అందులో చిటికెడు పసుపు కలపాలి. అరగంట సేపు ఎవరూ వాడకుండా ఉంచి చూస్తే, బేసినులోకి పసుపు రంగు దిగితే లోపలి రబ్బరు చెడినట్లు తేలుతుంది.

మురుగు సంగతీ ఇంతే. వంటింటి తూము ఒక్కటే నిదానిస్తే జిడ్డు, మెతుకులు, టీ పిప్పి అడ్డుపడినట్లు. స్నానాల గదిదైతే వెంట్రుకలు. అన్ని తూములూ ఒకేసారి నిదానించి గుడగుడమంటుంటే పెద్ద గొట్టమో, సెప్టిక్ ట్యాంకో నిండినట్లు. ఎండాకాలంలో వాడని స్నానాల గదిలోనుంచి దుర్వాసన వస్తే ఫినాయిలు పోసి లాభం లేదు. తూము కింద వంపులో నిలవవలసిన నీరు ఎండిపోయి మురుగు గాలి పైకి వస్తున్నదన్న మాట. రెండు చెంబుల నీళ్ళు పోస్తే వాసన ఆగుతుంది.

మిద్దె మీద ఇరవై బస్తాల బరువు

ఈ మధ్య పల్లెల్లో పాత మిద్దెల మీద ప్లాస్టిక్ ట్యాంకులు నిలబెట్టడం పరిపాటి అయింది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీరే టన్ను బరువు. అది ఇరవై సిమెంటు బస్తాలతో సమానం. దూలాల మీద బండలు పరిచి, పైన మట్టి వేసిన మిద్దె ఆ బరువు కోసం కట్టినది కాదు. దూలం నడిమధ్య ట్యాంకు పెట్టడం ప్రాణాలతో చెలగాటమే. ఆరుబయట రాతి దిమ్మె కట్టి దానిమీద పెట్టుకోవడం అన్నివిధాలా మేలు. ఎండకు వదిలిన పి.వి.సి. గొట్టాలు కూడా కొన్నేళ్ళకు పెళుసుబారి చిట్లుతాయి. ఈ జిల్లా ఎండలకు మట్టిలో పూడ్చడమో, రంగు పూయడమో తప్పనిసరి.

మోటారుతో లాగడం ఎవరికి చేటు?

అన్నింటికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. వీధి గొట్టానికి నేరుగా మోటారు బిగించి నీరు లాగే అలవాటు పట్టణాల్లోనూ, పల్లెల్లోనూ కనిపిస్తున్నది. దీనివల్ల చివరి ఇళ్ళకు నీరందని మాట అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి. మోటారు పీల్చినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. గొట్టం ఎక్కడ చిట్లి ఉంటే అక్కడినుంచి బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. రోజుకు గంటో రెండు గంటలో మాత్రమే నీరు వదిలే ఊళ్ళలో, నీరు ఆగిన సమయంలోనూ ఇదే ప్రమాదం. ఇంటి కనెక్షన్లు మురుగు కాలువలోనుంచే పోతుంటే ఇక చెప్పవలసినదేముంది!

తాగునీటి గొట్టాల్లో మురుగు కలిస్తే ఏమవుతుందో రాష్ట్ర ప్రజలు చూడకపోలేదు. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లోనూ, 2018 మార్చిలో గుంటూరులోనూ కలుషిత నీటివల్ల అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అటువంటి దుర్ఘటన ఇక్కడ జరిగేదాకా ఆగవలసిన అవసరం లేదు. కనెక్షను గొట్టం కాలువను దాటవలసి వస్తే కాలువ పైనుంచి, మరో పెద్ద గొట్టంలో దూర్చి, అతుకు లేకుండా దాటించాలి. మోటారు కావలసినవారు సంపు కట్టుకుని, వీధి నీరు తనంతట తాను సంపులోకి పారాక అక్కడినుంచి ఎక్కించుకోవాలి. కొళాయి నీరు ఒక్కసారిగా మసకబారినా, వాసన వచ్చినా తాగడం ఆపి వెంటనే పంచాయతీకి తెలపాలి. చివరి ఇంటి కొళాయిలో సైతం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. దాన్ని పరీక్షించి చూపించమని అడిగే హక్కు ప్రతి గృహస్థుకూ ఉంది.

సెప్టిక్ ట్యాంకు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. రెండు మూడేళ్ళకొకసారి దాన్ని యంత్రం ద్వారానే తోడించాలి. ఎంత అనుభవమున్న మనిషినైనా లోపలికి దింపకూడదు. లోపలి విషవాయువు క్షణాల్లో మనిషిని పడగొడుతుంది. రక్షించబోయి దిగిన రెండో మనిషినీ పొట్టన పెట్టుకుంటుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నేరంగా పరిగణిస్తున్నది. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 15 మీటర్లు ఉండాలంటారు. చీలికలున్న సున్నపురాతి నేలలో ఎంత దూరముంటే అంత మంచిది.

ప్లంబర్లు ఏరీ?

గృహస్థులు ఎంత నేర్చుకున్నా గోడ పగలగొట్టే పని, గొట్టాలు అతికే పని తెలిసినవారే చేయాలి. వారి కొరతే పల్లెల్లో పెద్ద సమస్య. వాషరు మార్చడానికి పదిహేను కిలోమీటర్లు రమ్మంటే వాషరు ధరకన్నా పెట్రోలు ఖర్చు ఎక్కువని ప్లంబర్లు అంటారు. వచ్చినవారు ఎంత చెబితే అంత ఇవ్వవలసి వస్తున్నదని గృహస్థులు వాపోతారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది.

ఈ చిక్కు విప్పడం అసాధ్యమేమీ కాదు. ఐ.టి.ఐ.లలో ప్లంబరు శిక్షణ ఏడాది కాలంలో పూర్తవుతుంది. గ్రామ యువకులకు నీటి సరఫరా మరమ్మతులు నేర్పడానికి ‘నల్ జల్ మిత్ర’ పేరుతో కార్యక్రమం కూడా ఉంది. వానలు లేక సేద్యం సాగని రోజుల్లో కూలికోసం ఊళ్ళు తిరిగే యువకులకు ఇది చేతినిండా పని కల్పించగలదు. ప్రతి పంచాయతీ ఒకరిద్దరిని ఎంపికచేసి శిక్షణకు పంపాలి. శిక్షణ పొందినవారి పేర్లు, ఏ పనికి ఎంత కూలి అన్నది పంచాయతీ కార్యాలయం గోడమీద రాసిపెట్టాలి. అప్పుడు బేరసారాలకూ, మనస్పర్ధలకూ తావుండదు. ఎర్రగుంట్ల పట్టణంలోనూ పురపాలక అధికారులు ఇదే పద్ధతి పాటించవచ్చు.

గృహస్థులు కూడా మూడు నియమాలు పెట్టుకోవాలి. మార్చిన పాత సామాను అడిగి తీసుకుని చూడాలి. అతికిన గొట్టంలో నీరు వదిలి, కారడం లేదని తేలాకే గోడ పూడ్పించాలి. ఏ గొట్టం ఎక్కడినుంచి పోతున్నదో పూడ్చేముందే కాగితంమీద గీయించి దాచుకోవాలి. ఆ కాగితం రేపు పగలగొట్టవలసిన పది బండలను కాపాడుతుంది.

పెన్నకు వరద వచ్చిన ఏడు నీటి విలువ ఎవరికీ గుర్తుండదు. ఇసుక తేలిన ఏడు ప్రతి చుక్కా గుర్తుకు వస్తుంది. బిందెడు నీటికి కోసులు నడిచిన తల్లులు ఇంకా ఈ పల్లెల్లో ఉన్నారు. వారి కళ్ళముందే కొళాయి రాత్రింబవళ్ళు కారుతుంటే అది ఊరికి మర్యాద కాదు. అధికారులు ప్లంబర్లను తయారుచేయాలి, ప్రజలు వాషరు మార్చడం నేర్చుకోవాలి. ఈ రెండూ జరిగిననాడే ఇంటింటి కొళాయి పథకానికి సార్థకత.