గుడారానికి మూట

మన సంఘంలో పిల్లలున్న ఇండ్లలో ఈమధ్య ఒకటే గోల: గుడారం వేసికొని ఒక రాత్రి బయట పడుకోవాలట! సెల్‌ఫోనులో ఎవరో కొండమీద గుడారంలో కూర్చొని కాఫీ తాగడం చూచారు. ఇక అప్పటినుంచి మనకు నిద్ర లేదు. వద్దనడానికి మాకు మాత్రం మనసొప్పదు. కళ్లాల్లోను, మిద్దెలమీదను నక్షత్రాలు చూస్తూ నిద్రపోయి పెద్దవాళ్లమైన మనం పిల్లలను పోవద్దనడం ఏం న్యాయం?

తంటా అంతా మూట కట్టడం దగ్గర వస్తుంది. మనకు అలవాటైనది వనభోజనం. ప్రయాణమనగానే వంటింట్లో చిత్రాన్నం, నిప్పట్లు, చట్నీపొడి మొదలవుతాయి. సంచులన్నీ నిండి, బస్సు హారను వినబడ్డాక "అయ్యో, కంబళ్లు!" అంటాం. వనభోజనం పగటి పని. పొద్దు కుంకకముందే ఇల్లు చేరతాం. గుడారం రాత్రి పని. కాబట్టి రాత్రికి కావలసినవి ముందు సర్ది, మిగిలిన చోట తిండి పెట్టాలి. మా యింటావిడ దీనికి ఒప్పుకోదు. కడుపు నిండని బిడ్డకు ఎన్ని కంబళ్లు కప్పినా చలేనంటుంది. అదీ నిజమే అనుకోండి.

ఎక్కడికి పోవాలి? మొదటిసారి దూరం వద్దని మా సలహా. చాకవేలు చుట్టుపక్కల చుట్టాల మామిడితోపు ఏదైనా ఉంటే అదే మేలు. అర్ధరాత్రి చిన్నది "ఇంటికి పోదామమ్మా" అని ఏడిస్తే తీసికొని రావచ్చు. పిల్లలకు అలవాటయ్యాక చేలూరు దాటి ఆంధ్రలోకి పోతే బి.కొత్తకోట మండలంలో హార్సిలీ కొండలున్నాయి. కడప కలెక్టరుగా ఉండిన దొర పేరు అది. అంతకుముందునుంచీ ఉన్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. అక్కడ టూరిజంవారి బస ఉంది. అడవి శాఖవారి నేలమీద అనుమతి లేనిదే గుడారం వేయరాదు గనుక ముందుగా విచారించుకోండి.

చలి లెక్క ఒకటుంది. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. మన బాగేపల్లి 700 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ కొండ 1200 మీటర్లకు పైబడినది. అంటే మూడు డిగ్రీల తేడా, దానికి తోడు గాలి. పడుకున్న పిల్లకు పైనుంచి వచ్చే చలికంటె నేలలోనుంచి వచ్చేది ఎక్కువ. రెండు కంబళ్లుంటే ఒకటి తప్పక కింద పరవండి. చలి వేస్తున్నదని నిప్పుల కుంపటి గుడారంలోకి తెచ్చుకోవడం మాత్రం ప్రాణాంతకం. బొగ్గులనుంచి వచ్చే విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే పని ముగిస్తుంది.

ఇక పాము మాట. పెద్దవాళ్లు రాత్రిపూట ఆ పేరు ఎత్తవద్దంటారు గాని, మూట కట్టేది పగలే గదా! 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని పరిశోధకులు అంచనా వేశారు. అందులో నాలుగోవంతు పైగా 15 ఏండ్ల లోపు పిల్లలు. నేలమీద పడుకునేవారికి ముఖ్యంగా భయం కట్లపాము. అది రాత్రి తిరుగుతుంది. కరిచినా నొప్పి అంతగా ఉండదు. బిడ్డ లేవను కూడ లేవకపోవచ్చు. తర్వాత కడుపునొప్పి అంటుంది, కనురెప్పలు వాలిపోతాయి. తిన్నది పడలేదనుకొని వాము నమిలిస్తూ కూర్చుంటే కాలం మించిపోతుంది. వానకాలంలో ఈ భయం ఎక్కువ. చలికాలంలో తక్కువేగాని, బొత్తిగా లేదనడానికి లేదు. గుడారం జిప్పు ఎప్పుడూ మూసి ఉండాలి. గుడారం లేకపోతే దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి మడవండి. ఆపాటి గుడ్డ దోమతోబాటు పామునూ ఆపుతుంది. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. బిడ్డను నడిపించక, కదలనీయక ఆసుపత్రికి చేర్చాలి. 108 నెంబరు రెండు రాష్ట్రాల్లోను పనిచేస్తుంది. పాము విషానికి సూదిమందు ఏ ఆసుపత్రిలో ఉందో బయలుదేరకముందే కనుక్కొని, కాగితంమీద వ్రాసి జేబులో పెట్టుకోండి. కొండమీద ఫోను అందకపోవచ్చు, చార్జీ అయిపోవచ్చు. కాగితానికి ఆ బాధ లేదు. గుమాస్తా బుద్ధి అనుకుంటే అనుకోండి.

నీళ్లకు ఐదుగురికి 20 లీటర్ల క్యాను ఒకటి చాలు. మన తాలూకా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని అందరికీ తెలుసు, కాచినా అది పోదు. కాని అది ఏండ్ల తరబడి తాగితే పండ్లకు, ఎముకలకు చేసే చేటు. ఒక్క రాత్రికి భయపడవలసినది క్రిములకు. క్యాను నీళ్లు అయిపోయి మరోచోట పట్టుకున్నవైతే బాగా తెర్లనిచ్చి చల్లార్చి ఇవ్వండి.

పిల్లలను ఊరికే కూర్చోబెట్టవద్దు. 1907లో బేడెన్ పవెల్ దొర ఇంగ్లండులో బ్రౌన్‌సీ దీవిలో ఇరవైమంది చిల్లర పిల్లలతో శిబిరం నడిపినప్పుడు వాళ్లను జట్లుగా చేసి పనులు అప్పగించాడు. మన పిల్లలు మాత్రం ఏం తక్కువ? ఎవరి కంబళి, ఎవరి టార్చి, ఎవరి ఈల వారి సంచిలోనే ఉండాలి. దారి తప్పితే ఉన్నచోటనే నిలబడి మూడుసార్లు ఈల వేయాలని నేర్పండి. సామాను జాబితాకు రెండు గళ్లు గీసి, పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి పిల్లలచేతనే టిక్కు పెట్టించండి. చెంబు తోపులో మిగిలిపోతే అడిగేది వాళ్లనే.

రోజు ఎంచుకునే వీలుంటే డిసెంబరు 13, 14 తేదీల రాత్రి చూడండి. ఏటా ఆ రోజుల్లో మిథున రాశి వైపునుంచి ఉల్కలు రాలుతాయి. వెన్నెల లేని ఏడైతే మరీ బాగుంటుంది. రాత్రి రెండు గంటల ప్రాంతంలో ఎక్కువ. అప్పుడు పిల్లలను లేపి బయటికి తేవలసి ఉంటుంది గనుక టార్చి తలదగ్గర పెట్టుకోండి. చెప్పులు గుడారం లోపలే ఉంచి, తొడిగించేముందు ఒకసారి దులపండి, మన వైపు ఎర్రతేళ్లున్నాయి.