తేనె పూసిన మాటల అసలు పేరు

ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు. అశుభాన్ని నేరుగా పలకకపోవడం తెలుగువారి మర్యాద. దానికి సభ్యోక్తి అని పేరు కూడా ఉంది. పిల్లలను ఆన్‌లైన్‌లో వేటాడే పెద్దలకు ఈ మర్యాదే ముసుగుగా పనికివస్తోంది. తాము చేసేదాన్ని వారు ఏనాడూ దాని పేరుతో పిలవరు. వారి నిఘంటువులో అది ‘స్నేహం’, ‘ఆట’, ‘మోడలింగ్ అవకాశం’, ‘మనిద్దరి రహస్యం’. పన్నెండేళ్ల పిల్లతో ‘వయసుకు మించిన పరిణతి నీది’ అనడం మెప్పు కాదు. వయసనే అడ్డును ఆ పిల్ల మనసులోంచే తొలగించే ప్రయత్నమది. ‘మీ ఇంట్లోవాళ్లకు అర్థం కాదులే’ అన్నది సానుభూతీ కాదు, ఇంటికీ పిల్లకూ మధ్య కడుతున్న గోడ.

బిలాస్‌పూర్–కట్నీ రైలు మార్గంలోని కర్గీ రోడ్ వంటి ఊళ్లలో ఆ గోడ ఇంకా సులువుగా లేస్తుంది. రైల్వే కొలువుల వెంట బిలాస్‌పూర్ ప్రాంతానికి చేరి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. ఫోనులోనేమో ఇంగ్లీషు అక్షరాల్లో రాసే హిందీ. తల్లి ఆ ఫోను చేతిలోకి తీసుకున్నా చదివి అర్థం చేసుకోగలిగేది ఎంత? అందుకే సంకేతపదాల జాబితాలు కంఠస్థం చేయించే అవగాహన సదస్సులతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇవాళ్టి పదం రేపటికి మారుతుంది. మారనిది వరుస: పొగడ్త, కానుక, రహస్యం, వేరే యాప్‌లోకి రమ్మనే పిలుపు, ఫొటో, ఆపైన బెదిరింపు. ఆ వరుసను గుర్తుపట్టడానికి భాష రానక్కరలేదు.

చట్టానికి ఇది తెలియని సంగతి కాదు. లైంగిక ఉద్దేశంతో పిల్లలను ఆన్‌లైన్ సంబంధంలోకి ఆకర్షించడమే నేరమని ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ చెబుతోంది. తొలిసారి దోషిగా తేలితే అయిదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా. అయితే చట్టం కూడా మాటల దగ్గర తడబడింది. 2019 సవరణతో పోక్సో చట్టంలోకి పార్లమెంటు తెచ్చిన నిర్వచనం పేరు ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’. ఆ మాటలో ఎక్కడో ఇష్టం, వినోదం అనే ధ్వని ఉంది. చిత్రంలో ఉన్నది మాత్రం ఒక బిడ్డపై జరిగిన నేరానికి సాక్ష్యం. 2024 సెప్టెంబరు 23న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలాల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ మాటను న్యాయస్థానాలు ఇకపై వాడరాదంది. పిల్లలపై లైంగిక దోపిడీ, దాడికి సంబంధించిన సామగ్రిగా దాన్ని పేర్కొనాలని నిర్దేశించింది, చట్టంలోనూ మార్చమని పార్లమెంటుకు సూచించింది. ఏకాంతంలో చూసుకుంటే నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టేసింది కూడా ఆ రోజే. పేరు మెత్తగా ఉన్నప్పుడు ఆ తప్పూ మెత్తగానే కనిపిస్తుందనడానికి వేరే రుజువు అక్కరలేదు.

తెలుగునాట మరో ముసుగు ‘డార్క్ కామెడీ’. 2024 జూలైలో ఓ తండ్రీకూతుళ్ల వీడియోపై కొందరు యూట్యూబర్లు చేసిన వ్యాఖ్యలు ఆ పేరుతోనే నవ్వులు పూయించాయి. నటుడు సాయి ధరమ్ తేజ్ బహిరంగంగా నిలదీశాకే ప్రభుత్వం కదిలింది, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ప్రధాన నిందితుణ్ని బెంగళూరులో అరెస్టు చేసింది. అంతకు ముందు ఆ వ్యాఖ్యలను విన్నవారిలో ఎంతమందికి అవి నేరంగా తోచాయి?

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. ‘మైనర్‌తో ప్రేమాయణం’, ‘మాయమాటలతో లోబరుచుకుని’ అనే శీర్షికలు జిల్లా పేజీల్లో ఇప్పటికీ దర్శనమిస్తాయి. పద్నాలుగేళ్ల బాలికతో ముప్పయ్యేళ్లవాడికి ప్రేమాయణం ఉండదు. పద్దెనిమిదేళ్లలోపు అంగీకారానికి చట్టంలో విలువ లేదు. ఈ విషయం తెలిసిన విలేకరి రాసినా, తెలియని సబ్ ఎడిటర్ దిద్దినా పాఠకుడికి చేరేది నిందితుడి పదజాలమే.

ఇల్లు కూడా మెత్తని మాటే మాట్లాడుతుంది. బిడ్డ నోరు విప్పితే ‘ఏదో జరిగింది’ అని పోలీసులకు చెబుతారు, పరువుకు భయపడి సందేశాలు చెరిపేస్తారు. ఉన్నదున్నట్టు చెప్పని ఫిర్యాదులో సెక్షన్లు కూడా పలచబడతాయి. నేరం జరిగిందని తెలిసినవారు ఫిర్యాదు చేసి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు జాతీయ పోర్టల్ ఉన్నాయి. అక్కడ ముందు అడిగేది ఆ చెరిపేసిన సందేశాలనే.