దొంగ చుక్కలు

హాట్ పిక్సెల్ అన్న మాటకు తెలుగు వెదుకుతూ చాలాసేపు కూర్చున్నాను. ఉష్ణబిందువు అంటే వాతావరణ శాఖ ప్రకటనలా ఉంది. వేడిచుక్క అంటే మరేదో ద్రవపదార్థం స్ఫురిస్తోంది. చివరికి దొంగ చుక్క అని ఖాయం చేసుకున్నాను. మనకు చుక్క అంటే బొట్టూ, చుక్క అంటే నక్షత్రమూ కదా. ఈ వ్యవహారంలోని చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

డిజిటల్ కెమెరాతో రాత్రిపూట ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఫొటో తీసినవారికి ఇవి పరిచితాలే. నల్లని ఆకాశంలో ఎవరో కుంచె విదిలించినట్టు ఎర్రవీ, పచ్చవీ, నీలివీ బిందువులు కనిపిస్తాయి. సెన్సర్ మీది ప్రతి గడీ వెలుతురు పడ్డప్పుడు ఎలక్ట్రానులను పోగుచేస్తుంది. వెలుతురు లేకున్నా ఆ గడి వేడికే కొన్ని ఎలక్ట్రానులు పుట్టుకొస్తాయి. సిలికాన్ స్ఫటికంలో లోపమున్న చోట అవి మరీ ఎక్కువగా పుడతాయి. అంటే ఏమీ చూడకుండానే చూశానని సాక్ష్యం చెప్పే గడి అన్నమాట. గడి మీద ఏ రంగు వడపోత ఉంటే చుక్కకు ఆ రంగు వస్తుంది. సుమారు 6 నుంచి 8 డిగ్రీలు వేడి పెరిగితే ఈ చీకటి విద్యుత్తు రెట్టింపవుతుంది. మన మే నెలలో డాబా మీద కెమెరా పెట్టుకుని కూర్చునేవాడికి అవి విందుభోజనంలా వడ్డింపబడటంలో వింత లేదు.

ఇక నా నేరం సంగతి. 2008 వేసవిలో మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. రాత్రి కరెంటు పోయింది. అరుగు మీద లాంతరు వెలుగులో అమ్మమ్మ స్తంభానికి చేరగిలబడి కళ్ళు మూసుకుని జపం చేసుకుంటోంది. పైన వేపకొమ్మల మధ్య ఆకాశం. వాకిట్లో ముక్కాలిపీట వేసి, దాని మీద కెమెరా ఆనించి, 8 సెకన్లపాటు తీశాను. ఆవిడ కదలలేదు. బొమ్మ చక్కగా వచ్చింది. కానీ చీకటి ఉన్న చోటల్లా దొంగ చుక్కలు.

ఇంటికి వచ్చాక కంప్యూటరులో దుమ్మూ గీతలూ తుడిచే ఫిల్టరు ఒకటి వాడాను. దాని తర్కం బహు సరళం. చుట్టుపక్కల వాటికంటే ఒక్కటే మెరుస్తున్న చుక్క కనిపిస్తే, అది అబద్ధమని తీర్మానించి ఇరుగుపొరుగుల రంగు పూసేస్తుంది. ఆకాశం శుభ్రపడింది. సంతోషించి, అదే ఫైలు మీద భద్రపరచి, కార్డు ఖాళీ చేసేశాను. 1 జీబీ కార్డులో చోటు చాలదని రా ఫైలు కూడా తీసుకోలేదు.

మరుసటి సంవత్సరం అమ్మమ్మ పోయింది. ఆ ఫొటోనే పెద్దది చేయించి పటం కట్టించాను. అమ్మ దాన్ని చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఒరేయ్, అమ్మ ముక్కుపుడక ఏదిరా?" అంది.

లాంతరు వెలుగులో ఒక్క చుక్కంత మెరిసిన రవ్వ అది. తాతయ్య ఉండగా ఆవిడ ముక్కుపుడక తీసిందన్నది మా ఇంట ఎవరూ ఎరుగరు. తాతయ్య అప్పటికి కులాసాగానే ఉన్నాడు. ఫిల్టరుకు ఇవన్నీ ఏం తెలుసు? దానికి ముక్కుపుడకా, వేపకొమ్మల సందున ఉన్న నక్షత్రమూ, సిలికాన్ లోపమూ ఒక్కటే. తెలియవలసినవాణ్ణి నేను.

అందుకే చుట్టుపక్కలవాటిని చూసి తీర్పు చెప్పే పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది. ఇది కంప్యూటరులోనే కాక కెమెరా లోపల కూడా జరుగుతుంది. 2004లో వచ్చిన నికాన్ డీ70 రా ఫైలులోనే ఇలా కత్తిరింపు చేసేది. సన్నని నక్షత్రాలు మాయమయ్యేవి. ఖగోళ ఛాయాగ్రాహకులు దానికొక కిటుకు కనిపెట్టారు. నాయిస్ తగ్గించే ఏర్పాటును ఆన్ చేసి, ఫొటో తీశాక కెమెరా తన రెండో పని మొదలుపెట్టగానే స్విచ్ ఆపేసేవారు. అప్పుడు కత్తిరించని ఫైలు మిగిలేది. తన కెమెరా నుంచి తన ఫొటోను తానే దొంగిలించుకోవలసి రావడం చూడండి!

ఆ రెండో పని మాత్రం మంచిదే. 30 సెకన్ల ఫొటో తీశాక, షట్టర్ మూసి మరో 30 సెకన్లు చీకటినే ఫొటో తీసి, మొదటిదాంట్లోంచి తీసివేయడం. దొంగ చుక్కలు రెండింటిలోనూ ఉంటాయి కనుక పోతాయి. నక్షత్రం మొదటిదాంట్లోనే ఉంటుంది కనుక నిలుస్తుంది. ఇది అనుమానం మీద శిక్ష కాదు, విచారణ. చాలామంది సమయం రెట్టింపవుతోందని దీన్ని ఆపేస్తారు. నక్షత్రాల గీతలు తీసేవారు ఆపక తప్పదు, మధ్యలో ఖాళీలు వస్తాయి కనుక. వారు చివర్లో మూత పెట్టి అంతే సమయంతో, అదే వేడిలో కొన్ని చీకటి ఫొటోలు తీసుకుంటే చాలు. నిన్నటి చల్లని రాత్రి తీసినవి ఈ రాత్రికి పనికిరావు.

అంత ఓపిక లేనివారు ముక్కాలిపీటను కదల్చకుండా ఐదు నిమిషాల తేడాలో రెండు ఫొటోలు తీసి చూడవచ్చు. భూమి తిరుగుతుంది కనుక నక్షత్రం జరుగుతుంది, ధ్రువనక్షత్రం వంటిది తప్ప. దొంగ చుక్క ఎక్కడిదక్కడే కూర్చుంటుంది.

కొత్త కెమెరాలో నాలుగు చుక్కలు కనిపించగానే దుకాణం మీదికి యుద్ధానికి వెళ్ళేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. లోపం లేని సెన్సర్ ఉండదు. హబుల్ టెలిస్కోపుకే ఈ బాధ తప్పలేదు. సున్నాకు దిగువన 80 డిగ్రీల ప్రాంతంలో ఉంచినా, అంతరిక్షంలోని కణాల తాకిడికి దాని సెన్సర్లలో కొత్త చుక్కలు పుడుతూనే ఉంటాయి. నెలకొకసారి వాటిని వెచ్చబరుస్తారు, చాలావరకు నయమవుతాయి. మన పెరటి కెమెరాకు ఆ వైభోగం లేదు గనుక, పగటి ఫొటోల్లో కనిపించని చుక్కలను దిష్టిచుక్కలనుకుని ఊరుకోవడమే మేలు. రా ఫైలును మాత్రం పారేయకండి.

అన్నట్టు, ఆ కెమెరా ఇంకా పనిచేస్తోంది. మొన్న మూత పెట్టి 30 సెకన్లు తీసి చూశాను. ఎడమ మూల ఎర్రది అలాగే ఉంది. దాని పక్కన కొత్తగా రెండు చేరాయి.