ఓడ ఎక్కినవాడికి కాగితం ఉంది

1860 అక్టోబరులో మద్రాసు రేవు విడిచిన ‘ట్రూరో’ అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. నటాల్ చెరకు తోటల్లో పనిచేసేందుకు కూలి ఒప్పందం మీద అందులో వెళ్ళినవారు పిల్లాజెల్లాతో కలిపి 342 మంది. 1911లో ఆ రవాణా ఆగేనాటికి అలా వెళ్ళినవారి లెక్క లక్షా 52 వేలు దాటింది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవారే. తమిళులతోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ఇప్పుడు వారి నాలుగో తరం, అయిదో తరం దక్షిణాఫ్రికాలో కూర్చుని తమ ముత్తాత ఊరేదని వెతుకుతోంది. కొంతకాలం వెతికి విసిగిపోయినవారు మావాడు కాగితాల్లో లేడని తేల్చేస్తారు. నా లెక్కలో ఆ తీర్పు తలకిందులుగా ఉంది. వెళ్ళినవాడు చాలావరకు కాగితం మీద ఉన్నాడు. లేనిది ఇక్కడ ఉండిపోయినవాళ్ళు.

నటాల్ ఓడ జాబితాలో మనిషికొక నంబరు ఉంటుంది. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలు రాశారు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న వివరాలే ఇవి, మనమీద ప్రేమతో కాదు. అయినా ఆ రోజుల్లో సెంటు భూమి లేని తెలుగు మనిషి గురించి, జైలుకు వెళితే తప్ప, ఇంత వివరంగా ఎవరు రాసిపెట్టారు? మారిషస్ వెళ్ళినవారిలో ఎందరివో ఫొటోలు సైతం మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచిన పత్రాల్లో ఉన్నాయి. నటాల్ జాబితాలు డర్బన్‌లోని గాంధీ-లుతూలి పత్రాల కేంద్రం పుణ్యమా అని కంప్యూటర్‌కెక్కాయి. కాబట్టి వెతికేవారు మూలపురుషుడి నుంచి కిందికి కాక, చేతిలో ఉన్న చివరి కాగితం నుంచి పైకి వెళ్ళాలి. తాత పెళ్ళి నమోదులోనో ముత్తవ్వ మరణ పత్రంలోనో ఆ పాత నంబరు కనబడితే సగం పని అయినట్టే. పేరు పది రకాలుగా మారుతుంది, నంబరు మారదు.

పేరు దగ్గరే ఎక్కువమంది దారి తప్పుతారు. మనకు మనిషి ఆనవాలు ఇంటిపేరు. మద్రాసు గుమాస్తాకు దానితో పనిలేదు, మనిషి పేరూ తండ్రి పేరూ రాసుకుంటే చాలు. సముద్రం దాటాక తండ్రి పేరో, తన పేరో, కులాన్ని సూచించే ‘నాయుడు’ వంటి మాటో వంశం మొత్తానికీ ఇంటిపేరైపోయింది. జాబితాలో నాయుడు అని వెతికితే వందలమంది పలుకుతారు. అసలు ఇంటిపేరు పోయిందని దిగులుపడేవారు పెట్టిన పేరును చూడటం మరచిపోతారు. అప్పలస్వామి, అప్పలనాయుడు అంటే సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్నవారు. నూకయ్య, నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ, పైడయ్య అంటే విజయనగరం పైడితల్లి గుర్తుకు రావాలి. ఈ పేర్లు ఊరిని చూపలేవు కానీ సీమను చూపిస్తాయి. రెండో పొరపాటు పటంతో వస్తుంది. జిల్లా గడిలో ఉత్తర ఆర్కాటు అని చూసి మావాడు తమిళుడు కాబోలు అనుకుంటారు. 1911లో కొత్త జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు అందులోనిదే. గంజాం అని చూసి ఒడిశాలో తిరుగుతారు. 1936 దాకా శికాకోలు, అంటే నేటి శ్రీకాకుళం, ఆ జిల్లాలోనిదే. కాగితం పుట్టిన ఏటి పటం పక్కన పెట్టుకోకుండా దాన్ని చదవకూడదు.

కూలీలే అబద్ధాలు చెప్పి ఎక్కారు కదా, ఆ జాబితాను నమ్మేదెలా అని అడగవచ్చు. సందేహం న్యాయమైనదే. కులం మార్చి చెప్పినవారున్నారు, ఇంట్లోంచి వచ్చేసి భర్త పేరు దాచిన ఆడవాళ్ళూ ఉండే ఉంటారు. అయితే ఏ గడిలో అబద్ధమాడితే ఎవరికి లాభమో చూసుకుంటే, నమ్మదగినదీ కానిదీ విడిపోతాయి. నుదుటి మీది మచ్చ విషయంలో బొంకినా నిలవదు. ఇక డీఎన్ఏ పరీక్ష చేయిస్తే పోలేదా అనేవారికి ఒక్కటే జవాబు. ఆ పరీక్ష చుట్టాలను చూపించాలంటే ఇక్కడి పల్లెల్లో ఆ చుట్టాలు కూడా పరీక్ష చేయించుకుని ఉండాలి. ఇదంతా వంశం గొప్పలు వెతుక్కోవడమేనన్న ఎత్తిపొడుపు మూడోది. నిజానికి ఈ జాబితాలు చేసేది దానికి విరుద్ధమైన పని. జమీందారు బిడ్డ అలిగి ఓడెక్కాడన్న ఇంటి కథ, తాలూకా, కులం, వయసు గడుల ముందు తరచుగా తలవంచుకుంటుంది.

అసలు చిక్కు ఊరి పొలిమేరలో మొదలవుతుంది. మద్రాసు గుమాస్తా చెవికి వినిపించినట్టు ఇంగ్లిషులో రాసిన పల్లె పేరును గుర్తుపట్టాలి. కొత్తపేట, కొత్తపల్లి, గొల్లపాలెం వంటివి తాలూకాకు రెండు మూడు ఉండవచ్చు. ఊరు తెలిశాక ఆ కుటుంబాన్ని చూపే రికార్డు కావాలి. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ ప్రాంతంలో పట్టాదారైతే శిస్తు లెక్కల్లో ఉంటాడు. ఉత్తరాంధ్రలో ఎక్కువ భాగం జమీందారీ. సర్కారు జమీందారు కట్టే పేష్కషు పుచ్చుకుని ఊరుకుంది, రైతు పేరు జమీ కచేరీలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయి సర్వే జరిగేదాకా అదే తంతు. కూలినాలి చేసుకునేవాడు ఆ రెండింటిలోనూ లేడు. యాత్రికుల వంశాలు రాసుకునే కాశీ, గయ పండాల పుస్తకాల్లో ఉండాలంటే అక్కడిదాకా వెళ్ళే స్తోమతు ఉండాలి. అన్నదమ్ముల్లో ఓడెక్కినవాడి మచ్చ కూడా మనకు తెలుసు, ఊళ్ళో ఉండిపోయినవాడి పేరే తెలియదు.

కాగితం లేనిచోట మిగిలింది ముసలివాళ్ళ జ్ఞాపకం. మీ ఇంట్లో ‘ఓడెక్కి పోయిన తాత’ అన్న మాట ఎప్పుడైనా వినిపించి ఉంటే, ఆయన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, అప్పటి తాలూకా రాసి పెట్టండి. ఊరికి పాత పేరుంటే దాన్నీ వదలకండి.